లారా వీఆర్‌ఎస్‌కి కొత్త టైమింగ్ చైన్ టెన్షనర్: రీమ్యాప్ కంటే ముందు చేయించాల్సిన పని

ముందుగాలే చెప్తున్న, ఈ రివ్యూ అరచేతిల పట్టే ఒక చిన్న పార్ట్ గురించి. అది పెట్టిస్తే కారు ఒక్క హార్స్‌పవర్ కూడా ఎక్కువ ఇయ్యదు, సైలెన్సర్ సౌండ్ మారదు, బానెట్ ఎత్తి దోస్తులకి చూపిద్దామన్నా కనపడదు, అయినా సరే పాత 1.8 టీఎస్‌ఐ బండి ఉన్నోళ్లు రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చుడు), ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ అన్నిటికంటే ముందు దీని మీదనే పైసలు పెట్టాలె. నా కారు స్కోడా లారా వీఆర్‌ఎస్. 2011ల మన దేశంల లాంచ్ అయింది, 1.8 లీటర్ టర్బో పెట్రోల్, 160 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, 6 గేర్ల మాన్యువల్. ఇప్పుడొచ్చే ఎస్‌యూవీల పక్కన ఈ నంబర్లు పెద్దగ అనిపించకపోవచ్చు గాని 1500 ఆర్‌పీఎం నుంచే గుంజుడు షురూ అయితది చూడుండ్రి, ఆ పికప్ కోసమే ఇన్నేండ్లయినా అమ్మబుద్ధి కాలే. నేను పెట్టించింది ఏందంటే ఫోక్స్‌వాగన్ గ్రూప్ వాళ్లు తర్వాత మార్చి తెచ్చిన టైమింగ్ చైన్ టెన్షనర్, పార్ట్ నంబర్ 06కె109467కె, దానితోని చైన్లు, గైడ్లు, బోల్టులు అన్నీ కలిపి ఫుల్ సెట్.

ఈ ఇంజన్ ఫ్యామిలీ పేరు ఈఏ888, లారాల ఉన్నది రెండో జనరేషన్. పిస్టన్లతోని తిరిగే క్రాంక్‌ని, వాల్వులని తెరిచే క్యామ్‌లని ఒక్క లెక్కల తిప్పేది టైమింగ్ బెల్ట్ గానీ చైన్ గానీ, దీనికి బెల్ట్ ఉండదు, చైన్ ఉంటది. "చైన్ కదా సార్, లైఫ్‌టైమ్" అనే మాట పెట్రోల్ కార్లు కొన్నోళ్లందరు ఎక్కడో ఒక దగ్గర విన్నదే. చైన్ ఎంత గట్టిదైనా దాన్ని బిర్రుగ పట్టి ఉంచేది టెన్షనర్, ఈ ఇంజన్ల కథంత అక్కడనే ఉంది. టెన్షనర్ లోపల ఒక చిన్న పిస్టన్ ఉంటది, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ దాన్ని బయటికి నెడుతది, అది గైడ్‌ని ఒత్తి చైన్‌ని టైట్‌గ ఉంచుతది, అంటే బండి నడుస్తున్నంత సేపు ఫికర్ లేదు. ఇంజన్ బంద్ చేసినంక ఆయిల్ ప్రెషర్ సున్నా అయితది, అప్పుడు ఆ పిస్టన్ లోపలికి జారిపోకుండ ఆపేది ఒక ర్యాచెట్, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ లెక్క ముందుకు పోతది గాని వెనక్కి రాదు. పాత డిజైన్‌ల బలహీనం సరిగ్గ ఇదే. పిస్టన్ గాట్లని పట్టుకునే ఆ చిన్న లాక్ అరిగి గానీ విరిగి గానీ జారిందంటే పిస్టన్ లోపలికి పోతది, చైన్ లూజైతది, మళ్ల సెల్ఫ్ కొట్టంగనే ఆయిల్ ప్రెషర్ వచ్చేలోపు ఆ ఒకటి రెండు సెకన్లల్లనే టైమింగ్ జంప్ అయితది. ఇది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్, అంటే పిస్టన్ పైకొచ్చే జాగలకే వాల్వు కూడా దిగుతది, ఒకటి వచ్చేటప్పటికి ఇంకోటి తప్పుకోవాలె, టైమింగ్ తప్పితే రెండూ గుద్దుకుంటయి, వాల్వులు వంగుతయి, హెడ్ దింపుడు తప్పదు.

ఇక్కడ ఒక ముచ్చట అందరికి ఎక్కాలని ఇంత సాగదీసి రాస్తున్న. ఇది స్పీడ్‌గ తొక్కితే పోయే పార్ట్ కాదు. "నేను ఎనభై దాటను, ఆఫీస్‌కి ఇంటికే కదా" అనుకునే ఆయన బండి కూడా పొద్దున పార్కింగ్‌ల స్టార్ట్ చేస్తున్నప్పుడే పోవచ్చు, ఎందుకంటే దాని గండం ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, స్టార్ట్ అయ్యేటప్పుడు. అమెరికాల ఈ టైమింగ్ చైన్ల మీద కేసు నడిచి 2018ల సెటిల్మెంట్ దాకా పోయింది, కంపెనీ టెన్షనర్ డిజైన్ మార్చింది 2012 ప్రాంతంల. అంటే మన లారా వీఆర్‌ఎస్‌లు, ఆ టైంల వచ్చిన సూపర్బ్ 1.8 టీఎస్‌ఐలు, ఆడి ఏ4 బీ8 పెట్రోల్‌లు, వీటిల్ల చానా వాటిల్ల పాత టెన్షనరే ఉండే చాన్స్ ఉంది, మధ్యల ఎవరన్న మార్పిస్తే తప్ప.

మన హైదరాబాద్‌కి ఇంకో లెక్క ఉంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, ఫిలింనగర్ దిక్కు ఎత్తుల మీద బండి ఆపేటప్పుడు మాన్యువల్ కార్లోళ్లందరం ఏం చేస్తం, ఎక్కుడు మీద ఫస్ట్ గేర్, దిగుడు మీద రివర్స్ గేర్ వేసి దిగిపోతం. అది మంచి అలవాటే, కాదంటలేను. గాని హ్యాండ్‌బ్రేక్ సగం లాగి బరువంత గేర్ మీదనే వదిలేస్తే బండి ఓ జానెడు జరుగుతది కదా, ఆ జరుగుడు ఎక్కుడైనా దిగుడైనా ఇంజన్‌ని ఉల్టా తిప్పుతది. ఇంజన్ ఉల్టా తిరిగితే చైన్‌ల లూజ్ ఉండాల్సిన దిక్కు టైట్ అయ్యి నేరుగ టెన్షనర్ పిస్టన్‌ని లోపలికి ఒత్తుతది, ఆయిల్ ప్రెషర్ ఉండదు, మొత్తం భారం ఆ చిన్న లాక్ మీదనే. అందుకే కొత్తది పెట్టించినా పాతదే ఉన్నా సరే, ముందు బ్రేక్ తొక్కి హ్యాండ్‌బ్రేక్ ఫుల్లు లాగుండ్రి, ఫుట్ బ్రేక్ వదిలి బండి హ్యాండ్‌బ్రేక్ మీద కూసున్నదా లేదా చూసుకోండ్రి, ఆ తర్వాత గేర్ వేయుండ్రి. ఇంట్ల ఇంకెవరన్న ఆ బండి నడిపితే వాళ్లకి కూడా చెప్పుండ్రి.

నా బండి విషయానికొస్తే ఏ సప్పుడు లేదు, ఏ లైట్ రాలేదు. రీమ్యాప్ చేపిద్దామని అడుగుతుంటే ఇంకో వీఆర్‌ఎస్ అన్న "టెన్షనర్ ఏ వర్షన్ ఉందో ముందు చూస్కో తమ్మీ" అన్నడు, అక్కడ షురూ అయింది. చూసుడు అంత కష్టం కాదు. ఇంజన్ కింది టైమింగ్ కవర్ మీద చిన్న రబ్బర్ మూత ఉంటది, అది తీసి సన్నటి కెమెరా గానీ అద్దం, టార్చ్ గానీ పెడితే టెన్షనర్ లాక్ కనపడుతది, పాత దానికి కొత్త దానికి ఆ లాక్ ఆకారం వేరే ఉంటది, రెండిటి ఫోటోలు ఒకసారి పక్కపక్కన చూసినోళ్లు మళ్ల మర్చిపోరు. కొత్త రకం ఉంటే పిస్టన్ మీది గాట్లు ఎన్ని బయటికొచ్చినయో కూడా అక్కడనే లెక్కపెట్టొచ్చు, ఎక్కువ బయటికొస్తే చైన్ సాగిందని అర్థం. ఇంకో పరీక్ష స్కానర్‌తోని. వీసీడీఎస్ (ఫోక్స్‌వాగన్ గ్రూప్ కార్లకి వాడే స్కానర్ సాఫ్ట్‌వేర్) పెట్టి ఇంజన్‌ల మెజరింగ్ బ్లాక్ 093 తెరిస్తే క్యామ్ ఫేజ్ పొజిషన్, అంటే క్రాంక్‌తోని పోల్చితే క్యామ్ ఎన్ని డిగ్రీలు జరిగిందో కనపడుతది, సున్నా దగ్గర ఉంటే చైన్ బాగుంది, మైనస్ 4 దాటుతుందంటే ఆలోచించాలె అని ఈ ఇంజన్ల మీద పని చేసేటోళ్ల లెక్క. నాది మైనస్ 3 దగ్గర చూపించింది, టెన్షనర్ ఏమో పాత రకమే. బండి ఏజ్‌కి ఆ సాగుడు మామూలే, గాని సాగిన చైన్, పాత లాక్, పైనుంచి రీమ్యాప్ టార్క్, ఈ మూడూ ఒక్క దగ్గర పెట్టబుద్ధి కాలే.

పొద్దున ఫస్ట్ స్టార్ట్‌ల ముందు దిక్కు నుంచి గలగల గలగల అని రెండు సెకన్లు సప్పుడొచ్చి ఆగిపోతుంటే మాత్రం చూద్దాంలే అని నడపకుండ్రి, టో చేయించి తీస్కపొండ్రి, స్కానర్‌ల పీ0016 కోడ్ ఉంటే అస్సలు స్టార్ట్ చేయొద్దు, క్రాంక్‌కి క్యామ్‌కి లెక్క కలుస్తలేదు అని అర్థం. అయితే ఆ సప్పుడు ప్రతిసారి టెన్షనర్‌దే అని కూడా కాదు. ఈ ఇంజన్‌కి ఆయిల్ ఫిల్టర్ పైన తలకిందులు ఉంటది, చీప్ ఫిల్టర్ వేస్తే లోపల ఆయిల్ ఆపే వాల్వు సరిగ్గ పనిచేయక రాత్రంత ఆయిల్ కిందికి దిగిపోతది, పొద్దున ప్రెషర్ రావడానికి లేట్ అయితది, అప్పుడు కూడా సప్పుడొస్తది. అందుకే ముందు మంచి ఫిల్టర్, సరైన ఆయిల్.

పార్ట్స్ ముచ్చట. టెన్షనర్ ఒక్కటే కొంటే ఈ కారుకి మంచి టైరు ఒకటి కొన్నంత కూడా కాదు. మరి ఫుల్ సెట్ ఎందుకు అంటే, ఆ టెన్షనర్ దాకా చెయ్యి పోవాలంటే చేసే పని మొత్తం ఒకటే. కుడి దిక్కు ముందు చక్రం తీయాలె, లైనర్ తీయాలె, ఇంజన్ కింద సపోర్ట్ పెట్టి కుడి మౌంట్ విప్పాలె, క్రాంక్ పుల్లీ తీయాలె, పై కవర్, కింది కవర్ రెండూ తీయాలె. ఇంత విప్పినంక సాగిన చైన్ మీదనే కొత్త టెన్షనర్ వేసి మూసేస్తే మళ్ల రెండేండ్లకో మూడేండ్లకో అదే లేబర్ రెండోసారి కట్టాలె. ఫేజ్ రీడింగ్ సున్నా పక్కన ఉన్న బండి అయితే టెన్షనర్ ఒక్కటే మార్చినా ఒప్పుకుంట, లేకుంటే సెట్ తీస్కోండ్రి. లోపల చైన్లు మూడుంటయి, క్యామ్‌లకి ఒకటి, వణుకుడు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌లకి ఒకటి, ఆయిల్ పంప్‌కి చిన్నది ఒకటి. వాటి గైడ్లు, టెన్షనర్లు, క్రాంక్ ఆయిల్ సీల్, క్రాంక్ బోల్టు, కింది కవర్ బోల్టులు, ఇంజన్ మౌంట్ బోల్టులు, పై కవర్ ప్యాకింగ్, సీలెంట్. ఈ బోల్టులు చానావరకు ఒక్కసారి బిగించడానికే, బిగించినప్పుడు సాగుతయి, మళ్ల వాడొద్దు. క్రాంక్ బోల్టు అయితే 150 న్యూటన్ మీటర్లు బిగించి మీదికెళ్లి ఇంకో 90 డిగ్రీలు తిప్పుతరు, పాత బోల్టుకి ఆ పట్టు మళ్ల రాదు. బోల్టుల దగ్గర మిగిలించేది ఎంత, పోయేది ఎంత అని ఒక్కసారి ఆలోచించుండ్రి.

బ్రాండ్ అంటే, టెన్షనర్ కంపెనీ డబ్బాలదే తీస్కున్న, చైన్లు, గైడ్లు ఐఎన్‌ఏ వాళ్లవి. ఇవిస్, ఫెబీ బిల్‌స్టైన్ కిట్లు కూడా దొరుకుతయి, మంచి పేరున్నయే, కాకపోతే కిట్ ఏదైనా అందుల వచ్చే టెన్షనర్ కొత్త డిజైన్‌దేనా అని డబ్బా తెరిచి చూస్కోండ్రి, పేరు చూసి నమ్మొద్దు. రాణీగంజ్‌ల ఒక దుకాణంల నాకు పేరు లేని తెల్ల డబ్బాల కిట్ చూపించిన్రు, రేటు సగానికి సగం, "సేమ్ మాల్ అన్నా" అన్నడు. చేతుల పట్టుకుని చూస్తే గైడ్ ప్లాస్టిక్ అంచులు కూడా సాఫ్‌గ కోసి లేవు. దండం పెట్టి వచ్చేసిన. రాణీగంజ్‌ల మంచి సరుకు లేదని కాదు, నా సీల్, మౌంట్ బోల్టులు, సీలెంట్ అక్కడనే వేరే దుకాణంల ఒరిజినల్ దొరికినయి, ఆయన బిల్లు కూడా కంప్యూటర్ బిల్లు ఇచ్చిండు, పార్ట్ నంబర్‌తో సహా. బిల్లు తీస్కునేటప్పుడు జీఎస్‌టీ చూస్కోండ్రి, 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల పార్టుల మీద 28 శాతం పోయి 18 శాతం అయింది, ఇంత పెద్ద బిల్లు మీద ఆ తేడా తెలుస్తది.

ఇప్పుడు అసలు మార్కులు ఎవరికి అంటే పని చేసిన ఉస్తాద్‌కి. బాలానగర్ దిక్కు షెడ్డు, పేరు రాయొద్దన్నరు, ఉన్న బండ్లకే టైం సరిపోతలేదట. ముందు నేను ఒక పెద్ద వర్క్‌షాప్‌ల అడిగిన, అక్కడ అడ్వైజర్ "సప్పుడు లేదు కదా సార్, వచ్చినప్పుడు చూద్దాం" అన్నడు. సప్పుడు వచ్చినప్పుడు చూసే పని కాదు కదా ఇది. ఉస్తాద్ మాత్రం బండి చూడకముందే ఫోన్‌ల అడిగిన ఫస్ట్ క్వశ్చన్ "తమ్మీ, బోల్టులు కొత్తవి తెస్తున్నవా లేదా, తేకుంటే నేను ముట్ట." ఆ ఒక్క మాటకే బండి ఆయనకే ఇయ్యాలని ఫిక్స్ అయిన.

పక్కన నిలబడి చూడనిచ్చిన్రు, అందుకే ఇంత వివరంగ రాయగల్గుతున్న. పై కవర్ తీసినంక ఇన్‌టేక్ క్యామ్ ముందర ఒక కంట్రోల్ వాల్వు ఉంటది, దానిది ఉల్టా చూడీ, అంటే మామూలుగ బోల్టు బిగించే దిక్కు తిప్పితేనే ఊడుతది. తెలవనోడు మామూలు దిక్కు తిప్పి బలం పెడితే వాల్వు తల విరుగుతది, దానికి టి10352 అని స్పెషల్ టూల్ ఉంది, ఉస్తాద్ దగ్గర అది నూనె గుడ్డల చుట్టి పెట్టి ఉంది. క్రాంక్ పుల్లీ తిరగకుండ పట్టుకునే టూల్ వేరే. క్యామ్‌లు కదలకుండ పట్టుకునే క్లాంపులు వేరే. ఇవి లేకుండ తాడు కట్టి, స్క్రూడ్రైవర్ గుచ్చి, అందాజ మీద చేసేటోళ్లు కూడా ఉన్నరు, ఒక్కోసారి సక్సెస్ కూడా అయితరు, గాని ఇంజన్ నాది.

ఇంకోటి నాకు మస్తు నచ్చింది. క్యామ్‌ల ముందర ఉండే బ్రిడ్జ్ తీసినప్పుడు లోపల ఆయిల్ దారిల గోరంత జాలీ ఒకటి ఉంటది, ఈ ఇంజన్లల్ల ఆ జాలీ ఊడి పక్కకు పోవడం తెలిసిన సమస్యే, ఊడితే ఆయిల్ దారికి అడ్డం పడొచ్చు. నేను అడగకముందే తీసి లైట్ కింద పెట్టి చూపించిండు, నాది విరగలేదు గాని ఒక దిక్కు వంగింది. దాని గురించి వచ్చే పోయే లెక్క చెప్పి నన్నే అడిగిండు ఉంచుదామా తీసేద్దామా అని. తీసేద్దాం అన్న. అడిగి చేసే మెకానిక్ దొరకడమే పెద్ద ముచ్చట.

కొత్త చైన్ల మీద కొన్ని లింకులు రంగు వేసి ఉంటయి, క్యామ్ చైన్‌కి మూడు, ఇన్‌టేక్ క్యామ్ గుర్తుకి ఒకటి, ఎగ్జాస్ట్ క్యామ్ గుర్తుకి ఒకటి, క్రాంక్ గుర్తుకి ఒకటి కలవాలె. బ్యాలెన్స్ షాఫ్ట్ చైన్‌కి కూడా అట్లనే. అన్నీ కలిపినంక టెన్షనర్ పిన్ను గుంజిండు, టక్ మని పిస్టన్ బయటికొచ్చి చైన్ బిగిసింది. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టలే. పెద్ద పానా పెట్టి క్రాంక్‌ని చేత్తోనే రెండు ఫుల్ రౌండ్లు మెల్లగ తిప్పిండు, ఎక్కడన్న అడ్డం తగుల్తదా అని. రెండు రౌండ్ల తర్వాత రంగు లింకులు గుర్తుల మీద లేవు, నాకు గుండె ఆగినంత పనైంది, ఆయన నవ్వి "అవి మళ్ల కలవాలంటే చానా రౌండ్లు తిప్పాలె, క్రాంక్, క్యామ్‌ల గుర్తులు జాగల ఉన్నయి కదా, గంతే" అన్నడు. ఇది రాస్తున్నది ఎందుకంటే సొంతంగ చేసుకునేటోళ్లు ఇక్కడనే బెదిరి చైన్ మళ్ల విప్పుతరు. లింకులు బిగించేటప్పటి లెక్క వరకే, తిప్పినంక చూడాల్సింది స్ప్రాకెట్ గుర్తులు.

కింది కవర్‌కి ప్యాకింగ్ ఉండదు, సీలెంట్ మీదనే కూర్చుంటది. పాత సీలెంట్ మొత్తం గీకి, రెండు దిక్కుల సాఫ్ చేసి, సన్నటి లైన్ లెక్క వేసి మూసిండు. ఎక్కువ వేస్తే మిగిలింది లోపలికి ఊడి ఆయిల్ పంప్ జాలీకి అడ్డం పడుతది, తక్కువైతే కారుతది. ఆ రోజు ఆయిల్ పొయ్యలే, సీలెంట్ ఎండాలని తెల్లారి దాకా ఆపిండు. నాకు తొందరున్నా ఏమనలే. తర్వాత ఫోక్స్‌వాగన్ 502 00 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ40 సింథటిక్, దగ్గర దగ్గర 4.6 లీటర్లు పడుతది, కొత్త ఫిల్టర్. స్టార్ట్ చేయంగనే చిన్నగ ఒక్క సెకన్ సప్పుడు, ఆయిల్ ఎక్కంగనే సైలెంట్. స్కానర్‌ల ఫేజ్ రీడింగ్ సున్నా పక్కకొచ్చింది. పాత టెన్షనర్ కవర్‌ల పెట్టి నా చేతిల పెట్టిండు, లాక్ అంచు కొంచెం గుండ్రంగ అరిగింది, కంటికి కనపడుతుంది.

నడిపితే తేడా ఉందా అని అడుగుతరు. నిజం చెప్తున్న, పికప్‌ల ఏం తేడా లేదు. ఐడిల్ జర సాఫ్ట్‌గ అనిపిస్తుంది, అది కొత్త మౌంట్ బోల్టులు సరిగ్గ బిగించడంతోని కూడా కావచ్చు, చైన్‌కే క్రెడిట్ ఇయ్యను. తేడా ఎక్కడుందంటే పొద్దున కీ తిప్పేటప్పుడు చెవి ఇంజన్ దిక్కు పెట్టే అలవాటు పోయింది. ఓఆర్‌ఆర్ మీద నార్సింగి దగ్గర ఎక్కి శంషాబాద్ దిక్కు లిమిట్ 120ల పట్టుకుని పోతుంటే థర్డ్, ఫోర్త్‌ల ఫుల్ తొక్కబుద్ధి అయితది కదా, ఇప్పుడు మనసుల డౌట్ లేకుండ తొక్కుతున్న. రీమ్యాప్ ఈ పని తర్వాతనే చేయించిన, దాని రివ్యూ వేరే.

నచ్చనివి కూడా చెప్పాలె. ఒకటి, లేబర్ తక్కువ కాదు, పార్ట్స్ బిల్లు పక్కన పెడితే దాదాపు దానంత ఉంది, పని చూసినంక న్యాయమే అనిపించింది గాని ముందు మాత్రం గట్టిగనే తగిలింది. రెండు, చెప్పిన టైంకి బండి రాలే, ఉస్తాద్ ఒక్కడే ఈ పని చేస్తడు, హెల్పర్లకి ఇయ్యడు, మధ్యల వేరే బండి ఏదన్న అర్జెంట్ వస్తే మనది ఆగుతది, ఫోన్ చేస్తే గాని అప్‌డేట్ రాదు. మూడు, షెడ్డుల కూసోడానికి జాగ లేదు, ఎండాకాలంల పోతే మాత్రం నీళ్ల బాటిల్ తీస్కపొండ్రి. కిట్ విషయంల కంప్లైంట్ ఏందంటే చైన్లు, గైడ్లు ఇచ్చి బోల్టులు, ప్యాకింగ్ వేరే కొనుక్కోమంటరు, అన్నీ ఒక్క డబ్బాల ఇస్తే ఏం పోతది, ఆ చిన్న చిన్న బోల్టులు కలిపితేనే బిల్లు మంచిగ పెరిగింది. పై కవర్ ప్యాకింగ్ అయితే రాణీగంజ్‌ల లేదు, ఆర్డర్ పెట్టి ఆగాల్సొచ్చింది, అందుకే బండి విప్పకముందే ప్రతి పార్ట్ చేతిల ఉండేటట్టు చూస్కోండ్రి.

ఎవరికి అక్కర్లేదు అంటే, 2013 తర్వాత వచ్చిన ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ, 2017ల వచ్చిన ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230, వీటిల్ల మూడో జనరేషన్ ఈఏ888, టెన్షనర్ కొత్త రకమే, వాళ్లు ఫేజ్ రీడింగ్ అప్పుడప్పుడు చూస్కుంటూ ఆయిల్ టైంకి మారిస్తే చాలు. అమ్మేద్దామనుకుంటున్న పాత లారా ఉన్నోళ్లు కూడా ఈ ఖర్చు పెట్టి రేటు ఎక్కువ అడుగుదాం అనుకుంటే రాదు, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌ల టెన్షనర్ బిల్లుకి విలువ ఇచ్చేటోళ్లు తక్కువ. కొనేటోళ్లకి మాత్రం చెప్తున్న, పాత వీఆర్‌ఎస్ చూడపోతే పెయింట్, టైర్లు చూసేముందు ఈ బిల్లు ఉందా అని అడుగుండ్రి, లేకుంటే ఆ ఖర్చు రేటుల తగ్గించి మాట్లాడుండ్రి.

ఆయిల్ మీద ఇంకొక్క మాట. కంపెనీ లెక్క 15,000 కిలోమీటర్లు గాని మన ట్రాఫిక్‌ల అది పనికిరాదు. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి పోయేటోళ్లకి తెలుసు, మీటర్‌ల కిలోమీటర్లు తిరగవు గాని ఇంజన్ మాత్రం గంటకు గంట వేడి మీద ఐడిల్‌ల తిరుగుతనే ఉంటది, వేడి ఐడిల్‌ల ఆయిల్ ప్రెషర్ తక్కువ, పైగా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ల పెట్రోల్ మసి ఆయిల్‌ల కలుస్తది, ఆ మసే చైన్ పిన్నులని అరగదీసేది. చైన్ సాగడమంటే లోహం సాగడం కాదు, లింకు లింకు దగ్గర పిన్ను అరిగి మొత్తం పొడుగు పెరగడం. అందుకే నేను 7,500కి మారుస్తున్న. ఈ ఇంజన్ ఆయిల్ తాగే రకం కూడా కాబట్టి పెట్రోల్ కొట్టించినప్పుడల్లా గేజ్ పుల్ల గుంజి చూడుండ్రి, లెవల్ తగ్గితే అన్నిటికంటే ముందు తిప్పలు పడేది టెన్షనరే.

ఎవరన్న చేపిద్దామనుకుంటే షెడ్డుకి ఫోన్ చేసి మూడు అడుగుండ్రి: క్యామ్ వాల్వు ఉల్టా చూడీ టూల్ ఉందా, బోల్టులు అన్నీ కొత్తవి వేస్తరా, సీలెంట్ వేసినంక ఆయిల్ ఎప్పుడు పోస్తరు. మూడో దానికి "వెంటనే" అంటే ఇంకో షెడ్డు చూస్కోండ్రి.